లేకాక్ చూడ్డానికి వెళ్తున్నారా? ఈ ఇంగ్లీష్ పల్లెటూరిని హడావిడి లేకుండా ఎలా చూడాలో చెప్తాను

ఇంగ్లండ్‌లో ఉండే మనవాళ్ళు చాలామంది అమ్మానాన్నలు ఇండియా నుంచి రాగానే లండన్ ఐ, టవర్ బ్రిడ్జ్, స్టోన్‌హెంజ్, బాత్ అని వరసగా తిప్పేసి, మిగిలిన ఒక్కరోజులో ఏదో ఒక "కాట్స్‌వోల్డ్స్ విలేజ్" అని కారులో నాలుగు ఊళ్ళు చుట్టి, ఒక్కో ఊళ్ళో ఇరవై నిమిషాలు ఆగి, ఫోటోలు దిగి వచ్చేస్తారు. నేనూ మొదట్లో అలాగే చేశాను. తర్వాత విల్ట్‌షైర్‌లో లేకాక్ అనే ఊరికి నాన్నని, అమ్మని తీసుకెళ్ళి పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఆ ఒక్క ఊళ్ళోనే ఉన్నాం, అప్పుడు తెలిసింది పల్లెటూరుని చూడ్డం అంటే ఏంటో. అప్పటినుంచి ఎవరు అడిగినా ఇదే చెప్తున్నాను, నాలుగు ఊళ్ళు వద్దు, ఒక్క ఊరు, ఒక రోజంతా. ఎలా వెళ్ళాలి, ఎక్కడ మొదలుపెట్టాలి, ఏం చూడాలి అన్నీ ఇక్కడ రాసేస్తున్నాను.

ముందు వెళ్ళడం సంగతి. లండన్ ప్యాడింగ్టన్ నుంచి బ్రిస్టల్ వైపు పోయే రైలెక్కి చిప్పెనమ్‌లో దిగాలి, గంటా పది, గంటా పదిహేను నిమిషాల ప్రయాణం. అక్కడినుంచి లేకాక్ మూడు మైళ్ళే, ఎక్స్34 బస్సు ఉంటుంది, ఊళ్ళో జార్జ్ ఇన్ అనే పబ్ దగ్గర దిగొచ్చు. ఆదివారం, బ్యాంక్ హాలిడే రోజుల్లో బస్సు టైమింగ్స్ వేరుగా ఉంటాయి కాబట్టి ముందురోజు రాత్రే చూసి పెట్టుకోండి, పెద్దవాళ్ళని వెంటేసుకుని రోడ్డు పక్కన గంటసేపు నిలబడాల్సి వస్తే కష్టం. ఇద్దరు కలిసి తిరిగేవాళ్ళకి టూ టుగెదర్ రైల్‌కార్డ్, అరవై దాటినవాళ్ళకి సీనియర్ రైల్‌కార్డ్ ఉన్నాయి, టికెట్‌లో మూడో వంతు తగ్గుతుంది, అమ్మానాన్నలు రెండు మూడు నెలలు ఉంటున్నారంటే ఆ కార్డు డబ్బులు రెండు ట్రిప్పుల్లోనే వచ్చేస్తాయి. కారులో అయితే ఎం4 మీద జంక్షన్ 17 దగ్గర దిగి ఏ350 పట్టుకుని దక్షిణంగా రావాలి. ఊళ్ళోకి కారు తీసుకెళ్ళకండి, దయచేసి. వీధులు సన్నం, అక్కడ బతికేవాళ్ళకే కార్లు పెట్టుకునే చోటు లేదు. ఊరి బయట హిదర్ వే అనే చోట నేషనల్ ట్రస్ట్ (పాత కట్టడాల్ని, ఊళ్ళని కాపాడే సంస్థ) కార్ పార్క్ ఉంది, మెంబర్లకి ఫ్రీ, మిగతావాళ్ళు డబ్బు కట్టాలి, అక్కడినుంచి ఐదు నిమిషాల నడక.

ఊరు చూడ్డానికి టికెట్ లేదు, ఇక్కడున్న పాత సన్యాసినుల మఠానికి, దాని గేటు దగ్గరున్న ఫోటోగ్రఫీ మ్యూజియంకి మాత్రం ఉంది. మఠం లోపలి గదులు తెరిచే వేళలు సీజన్‌ని బట్టి మారతాయి కాబట్టి అది కూడా ముందే చూసుకోండి. డిసెంబర్, జనవరిలో నాలుగింటికే చీకటి పడిపోతుంది, జూన్‌లో తొమ్మిదింటి దాకా వెలుగుంటుంది, నన్నడిగితే మే నుంచి సెప్టెంబర్ లోపు, అదీ వారం మధ్యలో, పొద్దున పదిలోపు ఊళ్ళో ఉండేలా చూసుకోండి. చెప్పులు కాదు, పట్టు ఉన్న బూట్లు వేసుకోమనండి, రాళ్ళు పరిచిన చోట్ల వాన పడితే జారుతుంది.

ఇక ఊరు. లేకాక్ మొత్తం నాలుగు వీధులే. హై స్ట్రీట్, దానికి సమాంతరంగా చర్చ్ స్ట్రీట్, ఆ రెండిటినీ కలుపుతూ ఒక పక్క వెస్ట్ స్ట్రీట్, ఇంకో పక్క ఈస్ట్ స్ట్రీట్. చదరంగా ఒక చుట్టు చుడితే పావుగంటలో అయిపోతుంది. అందుకే చాలామంది పావుగంటలో చుట్టేసి "బాగుంది, ఇంకేముంది" అని వెళ్ళిపోతారు. మీరు అలా చేయకండి. ఒకే చుట్టు మూడుసార్లు తిరగండి, ప్రతిసారీ వేరే వాటి కోసం చూడండి.

మొదటి చుట్టులో అసలు ఏ ఇంటి దగ్గరా ఆగకండి, ఫోన్ జేబులోనే ఉంచండి. ఊరికే నడుస్తూ ఇక్కడ ఏం లేవో చూడండి. కరెంటు తీగలు లేవు, స్తంభాలు లేవు, ఇళ్ళ మీద టీవీ యాంటెన్నాలు లేవు, తీగలన్నీ భూమిలోపలికి పంపించేశారు. కార్లు ఆపొద్దని రోడ్డు మీద వేసే పసుపు గీతలు కూడా లేవు. సినిమాలవాళ్ళు, టీవీవాళ్ళు ఈ ఊరికి ఎగబడేది అందుకే, రోడ్డు మీద నాలుగు లారీల మట్టి పోసి, రెండు గుర్రబ్బళ్ళు నిలబెడితే రెండొందల ఏళ్ళు వెనక్కి వెళ్ళిపోవచ్చు. కానీ ఇది సెట్టింగ్ కాదు, మనుషులు కాపురాలుండే ఊరు, బడి ఉంది, చర్చి ఉంది, బట్టలు ఆరేసుకునే పెరళ్ళు ఉన్నాయి. ఊళ్ళో దాదాపు అన్ని ఇళ్ళూ నేషనల్ ట్రస్ట్‌వి, ఉండేవాళ్ళు దానికి అద్దె కడతారు.

ఇక్కడే అసలు ప్రశ్న వస్తుంది, ఇంగ్లండ్ అంతా మారిపోతే ఈ ఊరు ఒక్కటీ ఎందుకు మారలేదు? దీనికి జవాబు తెలిస్తేనే మిగతా రెండు చుట్లకీ అర్థం ఉంటుంది, కాబట్టి హై స్ట్రీట్‌లో ఎక్కడైనా ఒక పక్కగా నిలబడి ఇంట్లోవాళ్ళకి ఈ కథ చెప్పండి.

13వ శతాబ్దంలో ఈ ప్రాంతమంతా సాలిస్‌బరీ దొరసాని ఈలా అనే ఆవిడది. ఆవిడ భర్త విలియం లాంగెస్పీ, ఇంగ్లండ్ రాజు జాన్‌కి సవతి తమ్ముడు, 1226లో చనిపోయాడు, కొత్తగా కడుతున్న సాలిస్‌బరీ కెథీడ్రల్‌లో మొట్టమొదట సమాధి చేసింది ఆయన్నే. భర్త పోయాక ఆవిడ మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు, ఆ కాలంలో ఆడమనిషై ఉండి విల్ట్‌షైర్ జిల్లాకి షెరీఫ్‌గా పనిచేసింది, 1232లో ఇక్కడ సన్యాసినుల మఠానికి శంకుస్థాపన చేసింది. అదే రోజు పొద్దున ఇక్కడ, మధ్యాహ్నం హింటన్‌లో మగ సన్యాసుల మఠానికి, రెండిటికీ తనే రాయి వేసిందని చెప్తారు. తర్వాత తనే ఇక్కడ సన్యాసినిగా చేరి, మఠానికి పెద్ద అయ్యి, 1261లో ఇక్కడే కన్నుమూసింది. రాజు అధికారానికి హద్దులు పెట్టిన మాగ్నా కార్టా అనే పత్రం 1225లో మళ్ళీ జారీ అయింది, దాని ప్రతి ఒకటి విల్ట్‌షైర్‌కి వచ్చింది, అది ఈ మఠంలోనే ఏడువందల ఏళ్ళు భద్రంగా ఉంది, 1946లో బ్రిటిష్ మ్యూజియంకి ఇచ్చారు.

మఠం ఉన్నన్నాళ్ళు ఊరు దాని చుట్టూ బతికింది. గొర్రెలు, ఉన్ని, నేత. మీరు నిలబడిన హై స్ట్రీట్ ఎంత వెడల్పుగా ఉందో చూడండి, మిగతా వీధులతో పోలికే లేదు, ఎందుకంటే అది రోడ్డు కాదు, సంత జరిగిన జాగా. తర్వాత ఎనిమిదో హెన్రీ రోమ్‌తో తెగదెంపులు చేసుకుని దేశంలో మఠాలన్నీ మూయించేశాడు కదా, ఇది 1539లో మూతపడింది, మరుసటి ఏడే విలియం షారింగ్టన్ అనే ఆయన 783 పౌండ్లకి కొనుక్కున్నాడు. మఠం చర్చిని పడగొట్టి మిగతాదాన్ని సొంతిల్లుగా మార్చుకున్నాడు. ఆయన బ్రిస్టల్ టంకశాలలో పనిచేస్తూ నాణేల్లో మోసం చేసి దొరికిపోయి, ఉరికంబం దాకా వెళ్ళి, క్షమాపణ తెచ్చుకుని మళ్ళీ ఆస్తి వెనక్కి తెచ్చుకున్న మనిషి. ఆయన తమ్ముడి కూతురు ఆలివ్ ద్వారా ఇల్లూ ఊరూ టాల్బట్ కుటుంబానికి వెళ్ళాయి. ఆ అమ్మాయి తండ్రి పెళ్ళికి ఒప్పుకోకపోతే రాత్రిపూట మఠం పైనుంచి కింద ఉన్న ప్రియుడు జాన్ టాల్బట్ మీదకి దూకేసిందని, గాలికి గౌను గొడుగులా విచ్చుకుని బతికిపోయిందని, ఆయన స్పృహ తప్పి పడిపోయాడని కథ. కథే అనుకోండి, పెళ్ళి మాత్రం నిజం.

అప్పటినుంచి 1944 దాకా ఊరు మొత్తం ఒకే కుటుంబం చేతిలో. మన దగ్గర జమీందారీ ఊళ్ళు ఉండేవే, అలాగన్నమాట, ఇళ్ళు, పొలాలు, పబ్బులు అన్నీ వాళ్ళవే, జనం అద్దెదారులు. ఇష్టమొచ్చినట్టు పడగొట్టి కట్టుకునే హక్కు ఎవరికీ లేదు. ఈలోపు ఉన్ని వ్యాపారం ఫ్యాక్టరీలున్న ఉత్తరపు ఊళ్ళకి పోయింది. 1841లో లండన్-బ్రిస్టల్ రైలు మార్గం చిప్పెనమ్ మీదుగా వెళ్ళింది, లేకాక్‌కి రాలేదు. డబ్బు ఆగిపోయింది, దాంతో కొత్త ఇళ్ళు ఆగిపోయాయి. పాత ఇల్లు కూలిస్తే కొత్తది కట్టుకునే స్తోమత లేక పాతదాన్నే మరమ్మతు చేసుకుంటూ బతికారు. ఈరోజు మనం "అబ్బ ఎంత అందంగా ఉంది" అంటున్నది వాళ్ళ ఇబ్బంది వల్ల మిగిలింది. ఇది నాకు చాలా ముఖ్యమైన విషయంగా అనిపిస్తుంది, మా నాన్న కూడా ఇది వినగానే కాసేపు ఏం మాట్లాడలేదు. ఆఖరికి 1916లో ఆస్తి మటిల్డా టాల్బట్ అనే ఆవిడకి వచ్చింది, ఆవిడకి పిల్లల్లేరు, ముక్కలు ముక్కలుగా అమ్మితే ఎంతొచ్చేదో, అలా చేయకుండా 1944లో మఠాన్ని, ఊరిని మొత్తంగా నేషనల్ ట్రస్ట్‌కి రాసిచ్చేసింది. చాలామంది గైడ్‌లలో ఈ మాట ఒక్క లైన్‌లో పోతుంది. ఆ ఒక్క సంతకం లేకపోతే ఈ ఊరు ఈపాటికి ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు.

రెండో చుట్టు గోడల కోసం. ఇప్పుడు నెమ్మదిగా, ఇంటింటికీ ఆగుతూ. గోడ చూసి ఇల్లు ఏ కాలందో చెప్పడం పెద్ద విద్యేం కాదు, మన పల్లెల్లో పెరిగినవాళ్ళకి ఇంకా తేలిక. కర్ర చట్రం కనిపిస్తూ, మధ్యలో తెల్లగా సున్నం పూసినట్టు ఉంటే అది పాత ఇల్లు. పై అంతస్తు కింద అంతస్తు కన్నా ముందుకి పొడుచుకొచ్చి వీధి మీదకి వంగినట్టుంటే అదీ పాతదే, దూలాల కొసలు బయటికి కనిపిస్తాయి, కిందనుంచి తల ఎత్తి చూడండి. మొత్తం రాతి గోడైతే కొంచెం డబ్బున్నవాళ్ళది. సూటిగా, కిటికీలన్నీ వరసలో సమానంగా, ఇటుక ముఖంతో ఉంటే అది 18వ శతాబ్దపు ఫ్యాషన్, హై స్ట్రీట్‌లో రెడ్ లయన్ పబ్ చూడండి. చాలాచోట్ల ఇటుక ముఖం ఒక్కటే కొత్తది, దాని వెనకాల పాత కర్ర ఇల్లు అలాగే ఉంటుంది, పక్క సందులోకి తొంగి చూస్తే దొరికిపోతుంది. కప్పుల మీద చాలావాటికి పెంకులు కాదు, పలచగా చీల్చిన రాతిపలకలు, కింద వరసలో పెద్దవి, పైకి పోయేకొద్దీ చిన్నవి.

ఒక ఇంటి పక్క గోడలో రెండు పెద్ద వంకర దుంగలు కింద నేలనుంచి పైన కొప్పు దాకా కలిసి కనిపిస్తాయి, చేతులు రెండూ జోడించి దణ్ణం పెట్టినట్టు. వంకర తిరిగిన చెట్టుని నిలువునా రెండుగా చీల్చి, ఎదురెదురుగా నిలబెట్టి, దాని మీదే ఇల్లంతా మోపడం అది, క్రక్ అంటారు, ఆ ఇంటిని కూడా క్రక్ హౌస్ అనే అంటారు. గోడలు బరువు మొయ్యవు, దుంగలే మోస్తాయి. మన నిట్రాళ్ళ మీద దూలం వేసి ఇల్లు నిలబెట్టడం గుర్తొచ్చింది నాకు. అక్కడే నాన్న పక్కింటి కర్ర చట్రం మధ్య గోడకేసి చాలాసేపు చూసి, "ఇందులో ఏం పెట్టారురా?" అన్నారు. సన్న కర్రలు అల్లి, దాని మీద మట్టి, పేడ, గడ్డి కలిపి మెత్తుతారు నాన్నా, పైన సున్నం అని చెప్పాను. "తడిక గోడే గదరా ఇది. మీ తాతయ్య కట్టిన పాకకి నేనే తొక్కాను మట్టి" అన్నారు. అమ్మ అయితే పేడ అనగానే నమ్మలేదు, వీళ్ళు కూడానా అని. తెనాలి దగ్గర మా ఊళ్ళో ఆ పాక పోయి నలభై ఏళ్ళయింది. ఐదువేల మైళ్ళ అవతల, అదే పద్ధతిలో కట్టిన గోడ ముందు నిలబడి ఆయన మట్టి ఎలా తొక్కాలో, గడ్డి ఎంత కలపాలో చెప్పుకుంటూ పోయారు, ఆ రోజు మొత్తంలో నాకు మిగిలింది అదే. కాబట్టి పెద్దవాళ్ళతో వెళ్తే ఆ గోడ దగ్గర తొందర పెట్టకండి.

కిటికీల గురించి ఒక్క మాట. ఇంగ్లండ్‌లో 1696 నుంచి 1851 దాకా ఇంటికి ఉన్న కిటికీల లెక్కన పన్ను వేసేవాళ్ళు, అందుకని చాలామంది కొన్ని కిటికీలు ఇటుకలతో మూసేశారు. ఏ పాత ఊరికెళ్ళినా గోడలో కిటికీ ఆకారం ఉండి కిటికీ లేకపోతే దానికి కారణం ఇదయ్యుండొచ్చు. పిల్లలకి ఈ పని అప్పజెప్పండి, ఇలాంటివి వెతకమని, గంటసేపు విసుగు లేకుండా తిరుగుతారు. కానీ కిటికీల్లోకి తొంగి చూడొద్దని ముందే చెప్పండి. నా కళ్ళముందే ఒకాయన ఒక ఇంటి కిటికీ అద్దానికి ఫోన్ ఆనించి లోపల ఫోటో తీస్తుంటే, లోపల ఒక ముసలావిడ టీ తాగుతోంది. గుమ్మాల ముందు మెట్ల మీద కూర్చోకండి, పూలకుండీలు జరపకండి. మన ఇంటి అరుగు మీద రోజూ కొత్తవాళ్ళు కూర్చుని ఫోటోలు దిగుతుంటే ఎలా ఉంటుందో అంతే.

ఈ చుట్టులోనే ఆగాల్సిన చోట్లు కొన్ని. హై స్ట్రీట్, ఈస్ట్ స్ట్రీట్ మూల మీద 14వ శతాబ్దపు టైద్ బార్న్ ఉంది, తలుపు తీసుంటే లోపలికి వెళ్ళండి. రైతులు పండిన దాంట్లో పదో వంతు మఠానికి ఇవ్వాలి, డబ్బు రూపంలో కాదు, ధాన్యం, తోళ్ళు, ఉన్ని రూపంలో, అవన్నీ తెచ్చి నింపిన గాదె అన్నమాట. లోపల ఏమీ లేదు, ఖాళీ, కానీ తల ఎత్తి కప్పు చూడండి, వంకీలు తిరిగిన పెద్ద పెద్ద కర్రలు ఒకదాని వెనక ఒకటి, తిరగేసిన పడవ లోపల నిలబడినట్టుంటుంది. దాని పక్కనే చిన్న రాతి గది, పైన గుమ్మటం, కిటికీ లేదు. తాగి గొడవ చేసినవాళ్ళని రాత్రికి పడేసే లాకప్ అది, 18వ శతాబ్దానిది.

వెస్ట్ స్ట్రీట్‌లో జార్జ్ ఇన్‌కి తప్పకుండా వెళ్ళండి, మందు తాగకపోయినా పర్లేదు, టీయో జ్యూసో తీసుకోవచ్చు, పబ్ అంటే మన దగ్గర బార్ లాంటిది కాదు, పిల్లాపాపలతో కుటుంబాలన్నీ వస్తాయి అని అమ్మావాళ్ళకి ముందే చెప్పి తీసుకెళ్ళండి. అక్కడ పెద్ద పొయ్యి పక్కన గోడకి ఒక చెక్క చక్రం ఉంటుంది. మాంసాన్ని ఊచకి గుచ్చి నిప్పుల మీద గంటల తరబడి తిప్పాలి కదా, ఆ తిప్పే పని కుక్కతో చేయించేవాళ్ళు, చక్రం లోపల చిన్న కుక్కని పెడితే అది నడుస్తూ ఉంటుంది, చక్రం తిరుగుతుంది, ఊచ తిరుగుతుంది. దానికోసమే పొట్టికాళ్ళ కుక్కల్ని పెంచేవాళ్ళు. పొయ్యికి ఎంత దగ్గరగా ఉందో ఆ చక్రం చూస్తే జాలేస్తుంది.

చర్చ్ స్ట్రీట్ చివర సెయింట్ సిరియాక్ చర్చి. ఎక్కువ భాగం 15వ శతాబ్దానిది, ఉన్ని డబ్బు బాగా వచ్చిన రోజుల్లో కట్టుకున్నది. లోపల ఆ నాణేల షారింగ్టన్ సమాధి ఉంది, చెక్కడం చూడండి, అంత పనితనం ఆ చుట్టుపక్కల అరుదు. చర్చి దగ్గర్నుంచి సన్న దారిలో దిగితే బైడ్ బ్రూక్ అనే చిన్న వాగు రోడ్డు మీదుగా పారుతుంది, అచ్చంగా మన చప్టా, పక్కన నడిచేవాళ్ళకి సన్నటి పాత రాతి వంతెన, మూటలు మోసే గుర్రాలు వెళ్ళడానికి కట్టింది. ఇక్కడిదాకా వచ్చేవాళ్ళు తక్కువ. మేం పులిహోర తిన్నది ఆ చుట్టుపక్కలే ఒక బెంచీ మీద. శాకాహారులైతే ఏదో ఒకటి కట్టుకెళ్ళడం మంచిది, పబ్బుల్లో వెజ్ ఉంటుంది కానీ పెద్దవాళ్ళ నోటికి ఎక్కదు, మధ్యాహ్నం రద్దీగా కూడా ఉంటుంది. సాయంత్రం మాత్రం స్కోన్, జామ్, క్రీమ్‌తో టీ ఇప్పించండి, అది అందరికీ నచ్చుతుంది.

మధ్యాహ్నం మఠానికి. టికెట్ తీసుకున్నాక గేటు దగ్గరే పాత కొట్టంలో ఫాక్స్ టాల్బట్ మ్యూజియం ఉంటుంది, దాన్ని తర్వాతకి పెట్టుకోండి, ముందు మఠం చూడండి. ఎందుకో చెప్తాను.

కింద అంతస్తు సన్యాసినుల కాలంది, 13వ శతాబ్దం నుంచి 15వ శతాబ్దం దాకా కట్టినవి. మధ్యలో ఆకాశం కనిపించే చదరం, చుట్టూ నాలుగు వసారాలు, మన మండువా లోగిలిని రాయితో కడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. వసారాల కప్పుల్లో రాతి పక్కటెముకలు కలిసేచోట చిన్న చిన్న బొమ్మలు చెక్కారు, మెడ నొప్పి పుట్టేదాకా చూడొచ్చు. వాటికి ఆనుకున్న గదుల్లో ఒకదాన్ని వార్మింగ్ రూమ్ అంటారు, చలికాలంలో సన్యాసినులు చలి కాచుకోడానికి మంట ఉండే గది అదే. అందులో పెద్ద లోహపు గుండిగ ఉంది, మన పెళ్ళివంటల గుండిగ కన్నా పెద్దది, 1500లో ఇప్పటి బెల్జియంలోని మెకెలెన్‌లో పోత పోసింది, అంచు మీద రాసి ఉంటుంది. హ్యారీ పాటర్ మొదటి సినిమాలో కొన్ని క్లాస్‌రూమ్ సీన్లు ఈ గదుల్లోనే తీశారు, పిల్లలుంటే ఆ మాట ఇంటిదగ్గరే చెప్పి తీసుకెళ్ళండి, మిగతా రోజంతా వాళ్ళు మీరు చెప్పినట్టు వింటారు.

పై అంతస్తులో టాల్బట్‌ల ఇల్లు. 1750ల్లో కట్టిన పెద్ద హాలు, గోడల గూళ్ళలో మట్టి బొమ్మలు, ఇవన్నీ ఉంటాయి, అవి నాకంతగా ఎక్కలేదు, ఒక రౌండ్ చూసి ముందుకు పోయాం. వెళ్ళాల్సింది సౌత్ గ్యాలరీకి. అక్కడ గోడలో నుంచి బయటికి పొడుచుకొచ్చిన ఒక కిటికీ ఉంటుంది, సీసపు గీతలతో చిన్న చిన్న అద్దాలు డైమండ్ ఆకారంలో. చాలామంది దాని పక్కనుంచి నడిచిపోతారు. 1835 ఆగస్టులో విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ అనే ఆ ఇంటి యజమాని ఒక చిన్న చెక్కపెట్టెని ఆ కిటికీకి ఎదురుగా పెట్టాడు. ప్రపంచంలో ఇప్పటికీ మిగిలి ఉన్న అన్నిటికన్నా పాత ఫోటో నెగటివ్ ఆ పెట్టెలోనే తయారైంది.

ఆయన 1833లో ఇటలీలో కోమో సరస్సు దగ్గర బొమ్మలు గీద్దామని కూర్చుంటే చెయ్యి తిరగలేదు. కళ్ళముందు ఉన్నది తనంతట తనే కాగితం మీద పడిపోతే ఎంత బావుణ్ణు అనుకున్నాడు. ఇంటికొచ్చి రాసుకునే కాగితాన్ని ఉప్పునీళ్ళలో ముంచి, ఆరబెట్టి, దాని మీద సిల్వర్ నైట్రేట్ పూశాడు, వెలుగు తగిలినచోట అది నల్లబడుతుంది. ఆ కాగితాన్ని చిన్న పెట్టెల్లో పెట్టి ఇంటి చుట్టుపక్కల అక్కడా ఇక్కడా ఉంచేవాడు, వాళ్ళావిడ కాన్‌స్టన్స్ వాటిని ఎలకబోనులు అనేదట. కిటికీ బొమ్మ వచ్చిన ఆ కాగితం పోస్టల్ స్టాంప్ అంత. దాని పక్కన తన చేత్తో రాసుకున్నాడు, మొదట తీసినప్పుడు భూతద్దంతో చూస్తే అద్దాలు ఇంచుమించు 200 లెక్కపెట్టగలిగేలా ఉన్నాయని. వెలుగున్నచోట నల్లగా, నల్లగా ఉన్నచోట తెల్లగా, అంతా తిరగబడి వచ్చింది. ఆ తిరగబడినదాన్ని ఇంకో కాగితం మీద పెట్టి ఎండలో ఉంచితే మళ్ళీ తిరగబడి సరైన బొమ్మ వస్తుంది, ఒకటి కాదు, ఎన్ని కావాలంటే అన్ని. 1839లో ఫ్రాన్స్‌లో డాగేర్ ప్రకటించిన పద్ధతిలో బొమ్మ ఇంకా నాణ్యంగా వచ్చేది కానీ ఒక్కటే ప్రతి. టాల్బట్ 1841లో తన మెరుగైన పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు, ఆ తర్వాత నూటయాభై ఏళ్ళు మన స్టూడియోల్లో జరిగిందంతా, పెళ్ళి ఫోటోలు, పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు, అన్నీ ఈ నెగటివ్ దారిలోనే నడిచాయి.

అమ్మ దగ్గర ఇప్పటికీ బిస్కట్ డబ్బాలో గోధుమరంగు నెగటివ్‌లు ఉన్నాయి, ఎప్పుడైనా ప్రింట్ కడిగించుకోవచ్చని దాచింది. ఆ కిటికీ దగ్గర నేను ఇదంతా చెప్తే అమ్మ కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుని, దగ్గరగా వెళ్ళి, వేలితో గాలిలోనే అద్దాలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. మీరు కూడా అక్కడ ఒక ఫోటో తీసుకోండి, ఫ్లాష్ ఆపేసి, మనుషులు లేకుండా కిటికీ ఒక్కటే, లోపలినుంచి బయటి వెలుగుకి ఎదురుగా. తర్వాత కిందకి దిగి మ్యూజియంకి వెళ్తే ఆ పెట్టెలు ఎలా ఉండేవో, ఆయన తీసిన బొమ్మలు ఎలా ఉన్నాయో చూడొచ్చు. కిటికీని ముందు చూసి వెళ్తేనే అవి మనసుకి పడతాయి, అందుకే మ్యూజియం తర్వాత అన్నాను. అసలు నెగటివ్ మాత్రం ఇక్కడ లేదు, బ్రాడ్‌ఫర్డ్‌లోని నేషనల్ సైన్స్ అండ్ మీడియా మ్యూజియంలో దాచారు. టాల్బట్ 1877లో చనిపోయాడు, ఊరి శ్మశానంలోనే సమాధి, ఓపికుంటే నడిచి వెళ్ళి చూడొచ్చు.

మూడో చుట్టు సాయంత్రం. నాలుగున్నర, ఐదు దాటాక టూరిస్ట్ కోచ్‌లు వెళ్ళిపోతాయి, కార్ పార్క్ ఖాళీ అవుతుంది, ఊరు ఊరి వాళ్ళకి మిగులుతుంది. కుక్కల్ని తిప్పేవాళ్ళు, బడి సంచులతో పిల్లలు, పెరట్లో మొక్కలకి నీళ్ళు పోసేవాళ్ళు. కొన్ని ఇళ్ళముందు జామ్ సీసాలో, గుడ్లో, మొక్కలో పెట్టి పక్కన డబ్బులు వేసే డబ్బా ఉంచుతారు, మనిషి ఉండడు, చిల్లర వేసి తీసుకోవడమే, కాబట్టి నాణేలు కాసిని దగ్గర పెట్టుకోండి. ఫోటోలు తీసుకోవాలంటే ఇప్పుడే తీసుకోండి, చర్చ్ స్ట్రీట్ మీద పడమటి ఎండ ఏటవాలుగా పడి పొద్దున తెల్లగా కనిపించిన గోడలే తేనెరంగులోకి తిరుగుతాయి, కర్రల వంకరలన్నీ నీడలతో తేలి కనిపిస్తాయి. ఎదురుపడ్డవాళ్ళకి నవ్వి గుడ్ ఈవెనింగ్ చెప్పండి, చాలామంది ఆగి మాట్లాడతారు. మాకు ఒక పెద్దాయన తన ఇంటి గుమ్మం ఎంత కిందకి ఉందో చూపించి, నాన్నని తల వంచుకుని నిలబడమని తలకీ గుమ్మానికీ మధ్య బెత్తెడు కూడా లేదని నవ్వాడు, నాన్న తెలుగులో, ఆయన ఇంగ్లీషులో, ఇద్దరూ ఆ గుమ్మపు కర్ర మీద చెయ్యేసి ఏదో మాట్లాడుకున్నారు.

చిప్పెనమ్ వెళ్ళే బస్సు మళ్ళీ ఆ జార్జ్ ఇన్ దగ్గరే ఆగుతుంది. ఆఖరి బస్సుకి ముందు బస్సే మీ లెక్కలో పెట్టుకోండి.